ఇల్లు పోయిందని చెబితే పిల్లను తీసుకుపోతారా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. బాలల సంక్షేమ సమితి కాగితం రాసి అప్పగించిన పాపను రెండేళ్లుగా పెంచుతున్నాం. దానికి ఎనిమిదేళ్లు. మొన్నటి తుఫానుకి రేకులు లేచిపోయి, గోడలు కూలిపోయాయి. లెక్క రాసుకోవడానికి వచ్చినాయన, రైస్ కార్డులో లేదని పాప పేరు రాయలేదు. గట్టిగా అడుగుదామంటే, ఇల్లు లేదని తెలిసి పిల్లను హోమ్‌కి పట్టుకుపోతారేమోనని టెన్షన్. ఏటి చేయాలి మేడమ్?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరులో నేను ఈ పిల్లల సంరక్షణ పనిలోనే ఉన్నాను. మీ వైపే ఒక ఊళ్లో, మేం వస్తున్నామని తెలిసి ఒకావిడ తను పెంచుతున్న పిల్లాణ్ని జీడితోటలోకి పంపేసింది. తోట ఎక్కడుంది, చెట్లన్నీ పడిపోతే! కొమ్మల మధ్య నుంచి వాడు తొంగి చూస్తూనే ఉన్నాడు. పట్టుకుపోవడానికి రాలేదని ఆవిణ్ని నమ్మించేసరికి మధ్యాహ్నం దాటింది.

2015 బాలల న్యాయ చట్టంలో హోమ్ అన్నది ఆఖరి దారి. కాబట్టి దాచకండి. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో, పాప మీతోనే ఉందో లేదో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి మీరే చెప్పండి. శ్రీకాకుళం వెళ్లలేకపోతే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇంటి సాయానికి పాప పేరుతో పని లేదు. అక్కడ చూసుకోవాల్సింది వేరు. 2022–26కి కేంద్రం పెట్టిన విపత్తు సాయం లెక్కలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. అదే ‘గుడిసె’ అని రాస్తే 8,000! రేకుల ఇల్లు కదా, లెక్క రాసుకున్నాయన ఏ గడిలో టిక్కు పెట్టాడో మీ ఊరి సచివాలయంలో అడిగి చూడండి. తప్పుంటే ఫొటోలు పెట్టి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. పాప పేరు కావలసింది మనిషికింత అని ఇచ్చే సాయానికి. ఆ అర్జీకి సమితి కాగితం జిరాక్సు జత చేయండి.

మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పెంపకానికి నెలకు 4,000 ఉంది. మీకు పడుతోందో లేదో రాయలేదు. పడకపోతే అదే విభాగంలో అడగండి. అది తుఫాను సాయం కాదు, పాప తిండికీ చదువుకీ.

సమితి కాగితం కూడా తడిసిపోయిందా? నకలు అడిగి తెచ్చుకోండి. ఈసారి పాస్‌బుక్కుతో కలిపి పాలిథిన్ కవర్లో పెట్టండి.