సొంత గేమ్ అమ్మకానికి పెట్టేముందు

ప్రశ్న: ఇద్దరం కలిసి ఇంట్లోనే పీసీ గేమ్ చేస్తున్నాం. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పెట్టడానికి ఎంతవుతుంది? డబ్బు చేతికెలా వస్తుంది? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. రాబడి 1,000 డాలర్లకు చేరితే ఆ సొమ్ము తిరిగొస్తుంది. ఫీజు కట్టాక 30 రోజులు ఆగాలి, స్టోర్ పేజీ కనీసం రెండు వారాలు ముందుగా తెరిచి ఉండాలి. ఆ రెండు వారాలతో సరిపెట్టుకుంటే మాత్రం దెబ్బతింటారు. విష్‌లిస్టులు (కొనాలనుకున్న గేములను ఆటగాళ్లు దాచుకునే జాబితాలు) పోగవ్వాలంటే ఆరేడు నెలల ముందే పేజీ పెట్టండి. డెమో గట్టిపడేదాకా నెక్స్ట్ ఫెస్ట్ (రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే వేడుక) జోలికి పోవద్దు, ఒక గేమ్‌కు ఆ అవకాశం ఒక్కసారే.

అమ్మకంలో స్టీమ్ వాటా 30 శాతం. దానిపైన, ట్యాక్స్ ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా ఒప్పందం కింద క్లెయిమ్ చేయకపోతే అమెరికా అమ్మకాల మీద మరో 30 శాతం పన్ను పట్టుకుంటారు. చేస్తే 15 శాతమే. ఆ 15 శాతాన్ని ఇక్కడి రిటర్నులో విదేశీ పన్ను క్రెడిట్‌గా చూపొచ్చు. పేమెంట్లు ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే: స్టీమ్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ పేరు అచ్చంగా ఒకేలా ఉండాలి. ఖాతా ఎవరి పేరున ఉంటే ఆదాయం, పన్ను వాళ్ల లెక్కలోకే వెళ్తాయి కాబట్టి ఇద్దరి వాటాలూ ముందే కాగితం మీద పెట్టుకోండి.

ప్రశ్న: గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంట్లు మార్చినా అంతే. (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: తప్పు ఫాంటుది కాదు. యూనిటీలో టెక్స్ట్ చూపే టెక్స్ట్‌మెష్ ప్రో అక్షరాలను విడివిడిగా పేరుస్తుందే తప్ప ఒత్తును కలపదు, అందుకే ‘స్త్రీ’ ముక్కలవుతుంది. యూనిటీ లాంటిదే అయిన గోడో 4, అక్షరాలు కలిపే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో సరిగ్గా కలుపుతుంది. ఇంకా మొదట్లోనే ఉంటే అటు మారడమే మేలు. సగం పైన అయిపోతే యూనిటీ 6లో మెనూలు, తెరమీది టెక్స్ట్ తయారుచేసే యూఐ టూల్‌కిట్‌లోని అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ ప్రయత్నించండి. టైటిల్ లాంటి మారని మాటలు బొమ్మగా పెట్టేయొచ్చు.

గోడోలో డైలాగులు ఒక్కో అక్షరంగా కనబడేలా పెడితే ‘క్ష’ ముందు ‘క’గా, తర్వాత ‘క్’గా మెరుస్తుంది. టెక్స్ట్ చూపే లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ను ‘ఆఫ్టర్ షేపింగ్’కు మార్చండి. వరుసల మధ్య ఎడం కూడా పెంచండి, ఇంగ్లీషు కొలతకు పెట్టిన బాక్సుల్లో కింది ఒత్తులు తెగిపోతాయి.

ప్రశ్న: 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గేములు చేసి అమ్మే మాకూ వర్తిస్తుందా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ఆ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను. ధర కట్టి కొనుక్కుని ఆడే గేమ్‌కు భయం లేదు. నగదు బహుమతుల పందేలు మాత్రం అందులో చేర్చకండి.