బట్టల షాపుల్లో అమ్మాయిలు మానేస్తున్నది ఓపిక లేక కాదు, కూర్చోనివ్వక

"బట్టల షాపుల్లో చేరిన పిల్లలు పట్టుమని మూడు నెలలు ఉండటం లేదు. ఈ తరానికి కష్టపడే ఓపిక లేదా?" అని మీరు అడిగారు. విజయవాడలో ఒక పెద్ద షోరూంలో, చీరల సెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

జీతం చాలక మానేసేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ జీతం ఎంతో ముందే తెలిసి చేరతారు. చేరాక తెలిసేది వేరే ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకు లోపలికి వెళితే రాత్రి తొమ్మిదిన్నర దాకా, భోజనానికి ఇచ్చే అరగంట తప్ప, ఎక్కడా కూర్చోకూడదు. సెక్షన్‌లో నరపురుగు లేకపోయినా సరే, నిలబడే ఉండాలి. ర్యాకుకు ఆనుకోకూడదు. నాతో చేరినవాళ్లలో ఎక్కువ మంది మానేసింది కాళ్లు భరించలేకే.

ఒక్క మధ్యాహ్నం గురించి చెబుతాను. వరలక్ష్మీ వ్రతం ముందు వారం. ఆషాఢం డిస్కౌంట్ల గోల ముగిసిందో లేదో శ్రావణం చీరలు దిగిపోతాయి. ఒక గుట్ట మడతలు పెట్టేలోపు కౌంటర్ మీద ఇంకో గుట్ట పడుతుంది. ఆ రోజు భోజనాల వేళ జనం కాస్త పలచబడ్డారు. ఒక పెద్దావిడ కోడలికి గద్వాల చీర తీసుకుందామని వచ్చారు. టీచరుగా రిటైరయ్యారట. చీరలు చూపిస్తున్నది నా పక్కన కౌంటర్ చూసే పిల్ల. నూజివీడు వైపు పల్లె నుంచి వచ్చింది, డిగ్రీ మధ్యలో ఆపేసి పనిలో చేరింది. నూలు చీరకు పట్టు అంచు కలిసే చోట వేలు పెట్టి "అతుకు తెలుస్తోందా చూడండమ్మా" అని చక్కగా చెబుతోంది, కానీ బరువంతా ఒక కాలి మీద వేసి, కాసేపటికి రెండో కాలి మీదికి మారుస్తోంది.

పెద్దావిడ అది గమనించారు. "కాళ్లు నొప్పా అమ్మా?" అని అడిగారు. "లేదు మేడమ్" అంది పిల్ల. "బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి బతికినదాన్ని, నాకు తెలియదా! కూర్చుని చూపించు" అని తన పక్కనున్న స్టూలు ఇవతలికి జరిపారు. పిల్ల నా వైపు చూసింది. కూర్చోమన్నాను. కూర్చుని తర్వాతి చీర విప్పింది.

కౌంటర్ ఫోను మోగింది. పైన కెమెరాలు చూసే గది నుంచి. "గద్వాల కౌంటర్‌లో కూర్చున్నది ఎవరు?" నేను నోరు తెరిచేలోపే ఫ్లోర్ మేనేజర్ వచ్చేశాడు. పెద్దావిడకు నమస్కారం పెట్టి, "కాఫీ తెప్పించమంటారా అమ్మా" అని అడిగి, ఆ నవ్వు చెదరకుండానే పిల్ల వైపు వంగి "లేవమ్మా" అన్నాడు. "నేనే కూర్చోమన్నాను" అన్నారావిడ. "మీరు మంచివారు కాబట్టి అన్నారమ్మా, మా రూల్సు మాకుంటాయి" అని స్టూలు ఎత్తి మళ్లీ ఆవిడ పక్కనే పెట్టాడు.

ఆవిడ ఒక చీర కోసం వచ్చి రెండు తీసుకుని వెళ్లారు. సాయంత్రం ఆ పిల్లకు సగం రోజు జీతం కోశారు. నెల జీతం చేతికి అందాక మరుసటి రోజు నుంచి పిల్ల రాలేదు. వారం వారం జరిగే మీటింగులో మేనేజర్ మా అందరి ముందు అన్న మాట ఇది: "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు." మీరు అడిగిన ప్రశ్నలో ఉన్నదీ ఆ మాటే. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

సేల్స్ అమ్మాయి కూర్చుని చూపించిందని చీర వద్దని వెళ్లిపోయిన కస్టమర్‌ను నేను ఒక్కరినీ చూడలేదు. మా అమ్మ చిన్నప్పటి కొట్లలో తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునే బేరం చేసేవారు. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో ఆ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. లక్షల సరుకు అలా కూర్చునే అమ్ముతారు. కాబట్టి నిలబడటం వ్యాపారానికి అవసరం అంటే నేను నమ్మను. పై గదిలో తెర ముందు కూర్చున్నవారికి మేము ఒళ్లు వంచుతున్నట్టు కనిపించాలి, అంతకు మించి ఏమీ లేదు.

దీని ఫలితం చూడాలంటే ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్ల పిక్కలు చూడండి. నీలంగా, మెలికలు తిరిగి, చర్మం పైకి ఉబ్బిన నరాలు. డాక్టరు దగ్గరికి వెళితే ఎక్కువసేపు నిలబడవద్దు, కాళ్లు ఎత్తులో పెట్టుకోండి అంటారు. ఆ చీటీ తెచ్చి మేనేజర్‌కు చూపిస్తే ఇంటి దగ్గరే ఉండమంటాడు. మా జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ప్రతి నెలా కనిపించేది. కార్డు అడిగితే మాత్రం "వస్తుంది, వస్తుంది" అనేవారు. ఇక మరుగుదొడ్డి సంగతి. అన్ని అంతస్తుల మేడలో మా కోసం ఉన్నది సెల్లారులో ఒకటి, లిఫ్టు ఎక్కే వీలు లేదు. మెట్లు దిగి ఎక్కి రావడానికి పట్టే సమయం రిజిస్టరులో రాసేవారు. అందుకని ఎండాకాలంలో కూడా ఆడపిల్లలు నీళ్లు తాగడం తగ్గించుకునేవాళ్లు. మూత్రంలో మంట అని ఎంత మంది నా దగ్గర చెప్పుకున్నారో!

కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లది కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. విజి అనే దర్జీ పనిచేసే మహిళ వాళ్లను కూడగట్టి, 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టి, మొదట మరుగుదొడ్ల కోసం, ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవారికి సీటు ఉండాలని రాసింది. ఆ ఏడాదే బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు చేర్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. ఫ్యాక్టరీ కార్మికులకైతే ఈ హక్కు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌తోనే వచ్చింది. చీర నేసేచోట ఒప్పుకున్నది అమ్మేచోట ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్లు కావాలా?

మన దగ్గర చర్చంతా గంటల మీదే. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల మాట బయటికి వచ్చింది. టీవీల్లో రోజుల తరబడి అదే. వాదించినవాళ్లు, ఎదిరించినవాళ్లు అందరూ కుర్చీలో కూర్చుని పనిచేసేవారే. మేము వారానికి డెబ్బై గంటలు ఏనాటి నుంచో చేస్తున్నాం, అదీ నిలబడి. చట్టంలో ఉన్నది 48 గంటలు. ఆ సంగతి ఏ చర్చలోనూ రాలేదు. 2025లోనే తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజు పనిని 10 గంటల దాకా పెంచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా 10 గంటల దారే పట్టింది. తెలంగాణ ఉత్తర్వులో దుకాణాలను మినహాయించారు, సంతోషం. కానీ కాగితం మీద 8 గంటలు ఉన్న రోజుల్లోనే మాతో పన్నెండు గంటలు చేయించారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ అనే కార్మిక చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. నిలబడి పనిచేయాల్సిన ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు చేసే బాధ్యత అందులో యజమాని మీదే పెట్టారు. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట్లకు ఆ కోడ్ వర్తిస్తుంది. పెద్ద షోరూంలన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. దీన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ప్రతి షోరూం స్టాఫ్ గదిలో అంటించాలి. పేరు బయటపడకుండా ఫిర్యాదు తీసుకునేందుకు సహాయ కార్మిక అధికారి ఫోను నంబరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

మీ మాటతీరు చూస్తే మీరే షాపు నడుపుతున్నట్టు అనిపించింది. కాకపోతే పట్టించుకోకండి. అవును అనుకుంటే మాత్రం కౌంటర్ వెనక, మీ అమ్మాయిలు నిలబడే వైపు, ఎన్ని స్టూళ్లు వేశారో కింద రాయండి. కోత విధించే రూల్సు ఏమైనా ఉంటే అవీ రాయండి. అప్పుడు పిల్లల ఓపిక గురించి మళ్లీ మాట్లాడుకుందాం.