నేరాల కోడ్ పట్టిక చేపట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రాష్ట్ర నేర రికార్డుల విభాగంలో చట్టాలు, సెక్షన్ల కోడ్ పట్టికను చూసే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. శాంతిభద్రతల పోస్టింగు రాలేదని నువ్వు కాస్త చిన్నబుచ్చుకున్నావని కూడా చెప్పింది. నా సర్వీసులో చాలా ఏళ్ళు ఆ పట్టికతోనే గడిచాయి కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

ఠాణాలో రాతకోతలు చూసే రైటర్ కేసు కట్టేటప్పుడు తెరమీద ఎంచుకున్న కోడ్ అక్కడితో ఆగదు. పోలీసు, కోర్టు, జైలు, ఫోరెన్సిక్ లేబొరేటరీ, ప్రాసిక్యూషన్ అనే అయిదు వ్యవస్థలను ఐసీజేఎస్ అనే కంప్యూటర్ అనుసంధానం కలిపిన తరువాత, ఒకచోట నమోదైన సమాచారమే మిగిలిన నాలుగు చోట్లా కనబడాలన్నది ఉద్దేశం. కాబట్టి ఒకచోట దొర్లిన తప్పు కూడా అంతే సులువుగా ప్రయాణిస్తుంది. పాత రోజుల్లో ఒక జిల్లాలో రికార్డులు సరిచూస్తుండగా, రోడ్డు ప్రమాదం కేసులో రిమాండుకు వెళ్ళిన లారీ డ్రైవరు పేరు ఎదురుగా 304 అని ఉండటం చూశాను. ఎఫ్ఐఆర్‌లో ఉన్నది 304ఏ. అక్కడ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో సెక్షన్ గడి అంకెలను మాత్రమే తీసుకునేది, అందువల్ల 'ఏ' అక్షరం రిమార్కుల గడిలోకి పోయింది. ఐపీసీ 304ఏ నిర్లక్ష్యం వల్ల మరణం, రెండేళ్ళ వరకు శిక్ష, బెయిలబుల్. 304 హత్య కిందికి రాని నరహత్య, సెషన్స్ కోర్టు విచారించే నాన్ బెయిలబుల్ నేరం. ఆ ఒక్క అక్షరం వల్ల ఆ మనిషి ఇంటి వాళ్ళు జామీనుదారులను వెంటబెట్టుకుని ఎన్నిసార్లు తిరిగారో విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే, సెక్షన్, ఉప సెక్షన్, క్లాజు అన్నీ కోడ్‌లోనే ఉండాలని, రిమార్కులలోకి ఏదీ జారకూడదని మొదటగా చెబుతున్నాను. గంజాయి కేసులనే చూడు: మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20(బి)(ii) వరకు రాసి ఊరుకుంటే సరిపోదు. కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, మధ్యలోది వేరు. ఏ, బి, సి అనే ఆ చివరి అక్షరమే ఏడాది శిక్షకూ ఇరవై ఏళ్ళ శిక్షకూ మధ్య తేడా, 37వ సెక్షన్ కింద బెయిలు కష్టమవుతుందా లేదా అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

రెండో సంగతి తేదీ. దీన్ని నిదానంగా చదువు. 1862 నుంచి అమలులో ఉన్న ఐపీసీ స్థానంలో 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 511 సెక్షన్లు 358కి తగ్గాయి. సంఖ్యలు మాత్రం మళ్ళీ ఒకటి నుంచే మొదలయ్యాయి. మన వాళ్ళ నోట 302 అంటే హత్య. న్యాయ సంహితలో 302 మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది, హత్య 103(1)కి వెళ్ళింది. పాత 309 ఆత్మహత్యాయత్నం, కొత్త 309 దోపిడీ. కాబట్టి చట్టం పేరు, సంవత్సరం లేని ఒట్టి సంఖ్యను నీ పట్టికలో ఎక్కడా ఉంచవద్దు, ఎవరి నివేదికలోనూ అంగీకరించవద్దు. పాత చట్టం ముగిసిపోయిందని ఐపీసీ కోడ్‌లను తెరమీద నుంచి తీసేయాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. 2024 జులైకి ముందు జరిగిన నేరంపై ఫిర్యాదు పదేళ్ళ తరువాత వచ్చినా, దానికి వర్తించేది ఐపీసీయే. రాజ్యాంగం 20(1) అధికరణం ఒప్పుకునేది అదొక్కటే. తెర అడగవలసినది నేరం జరిగిన తేదీని, కేసు కట్టిన తేదీని కాదు. భర్త వేధింపులు 2022లో మొదలై 2024 చివరి వరకు సాగాయని ఒక మహిళ చెబితే, ఐపీసీ 498ఏ, న్యాయ సంహిత 85 రెండూ ఒకే ఎఫ్ఐఆర్‌లో నమోదు చేసుకునే వీలు ఉండాలి.

సంఖ్యను తిరిగి వాడటం ఎంత ప్రమాదమో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చూపిస్తుంది. 2016 జనవరి 26న అమలులోకి వచ్చిన సవరణకు ముందు, బహిరంగంగా అవమానించడం 3(1) కింద రోమన్ అంకె పదిగా ఉండేది. సవరణ తరువాత క్లాజులకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు. ఇప్పుడు అదే చోట 'ఎక్స్' అక్షరం ఉంది, అది నీటి వనరులను పాడుచేయడానికి సంబంధించినది. అవమానం 'ఆర్' క్లాజులోకి పోయింది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నీ లోపలి కోడ్ ఎప్పుడూ సెక్షన్ సంఖ్యతో సమానం కాకూడదు. దానికి సొంత గుర్తింపు ఉండాలి, అమలులోకి వచ్చిన తేదీ, ముగిసిన తేదీ ఉండాలి, ఒకసారి ఇచ్చిన గుర్తింపును మరో నేరానికి ఎన్నటికీ ఇవ్వకూడదు, తుడిచివేయకూడదు కూడా.

ముగిసిన తేదీ రాయకపోతే ఏమవుతుందో దేశమంతా చూసింది. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తరువాత కూడా ఠాణాలలో ఆ సెక్షన్ కింద కేసులు కడుతూనే ఉన్నారని 2021లో న్యాయస్థానమే దిగ్భ్రాంతి వ్యక్తం చేయవలసి వచ్చింది. తీర్పు కాపీ రైటర్ దగ్గరికి చేరదు, అతని ముందున్న జాబితా మాత్రం రోజూ ఉంటుంది. కోర్టు కొట్టివేసిన సెక్షన్‌కు, తీర్పు తరువాతి తేదీతో కేసు కట్టడానికి జాబితాయే నిరాకరించాలి. అంతకు ముందరి కేసుల చరిత్ర మాత్రం చెక్కుచెదరకుండా నిలవాలి. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయే డ్రైవర్ల గురించిన న్యాయ సంహిత 106(2) లాగా చట్టంలో ఉండి కూడా 2024 జులై 1న అమలులోకి తేని నిబంధనలకు విడిగా ఒక స్థితి పెట్టు.

ఇక ఎవరు నిర్ణయించాలన్నది. కేంద్ర చట్టాలకు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఇచ్చే కోడ్‌ను రాష్ట్రంలో మార్చకూడదు. రాష్ట్ర చట్టాలు నీ బాధ్యత. 1974 నాటి జూద చట్టం విభజన తరువాత రెండు రాష్ట్రాలలోనూ ఉంది, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వేరువేరుగా సవరించుకున్నాయి. సరిహద్దు మండలాలలో ఈ రెండూ కలిసిపోకుండా చూడు. మార్పు చేసే తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, కానీ హైకోర్టు కంప్యూటర్ విభాగం, జైళ్ళ శాఖ, ప్రాసిక్యూషన్స్ డైరెక్టరేట్, లేబొరేటరీ ప్రతినిధులు చూసి సంతకం చేయనిదే ఆ తాళం తిరగకూడదు. జైలు గుమాస్తాను కూడా ఆ సమావేశానికి పిలువు. పెద్ద అధికారులకు కనిపించని చిక్కులు అతనికే ముందు కనిపిస్తాయి.

దర్యాప్తు మధ్యలో పోలీసులు కోర్టుకు ఇచ్చే ఆల్టరేషన్ మెమోతో సెక్షన్ మారినా, ఛార్జిషీటులో కొన్ని తగ్గినా, కోర్టు వేరే అభియోగం మోపినా, ఒకదానిపై ఒకటి రాయనివ్వవద్దు. ప్రతి దశ సెక్షన్లు ఆ దశ పేరుతోనే మిగలాలి. గణాంకాల శీర్షికలను చట్టం కోడ్‌లతో ముడిపెట్టవద్దు. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా ఎన్‌సీఆర్‌బీ లెక్కలో అన్నిటికన్నా తీవ్రమైనదే చేరుతుంది, ఆ నియమం లెక్కకే తప్ప నిందితుడి రికార్డుకు కాదు. గొలుసు లాగుడు ఇప్పుడు న్యాయ సంహిత 304గా విడి నేరమైంది కనుక, 2024కు ముందరి దొంగతనాలతో పోలిక చూపే ప్రతి పట్టిక కింద ఆ మాట రాయించు. పాత, కొత్త సెక్షన్ల పోలిక పట్టిక వెతకడానికి ఉపయోగపడుతుంది. దాని ఆధారంగా పాత రికార్డులను యంత్రంతో మార్చాలని ఎవరైనా ప్రతిపాదిస్తే, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పు.

మొదటి నెలలో కొత్తగా ఏదీ మార్చవద్దు. 'ఇతర నేరాలు' అన్న శీర్షికలో గత ఏడాది ఏయే కేసులు పడ్డాయో తెప్పించుకుని ఒక్కొక్కటిగా చదువు. అలాగే ఒక జైలు వారెంట్లను, సంబంధిత కోర్టు రికార్డును, ఎఫ్ఐఆర్‌ను పక్కపక్కన పెట్టి ఒక వంద సరిచూడు, ఎన్ని చోట్ల కోడ్ తేడా వచ్చిందో నాకు రాయి. నా పాత నోటు పుస్తకాలు అటక మీద ఉన్నాయి. దసరాకు వచ్చినప్పుడు తీసుకువెళ్ళు.

ఆశీస్సులతో,
మామయ్య