లోను తీరింది సరే, ఈసీ చూశావా?

చిట్టీ,

ఆఖరి వాయిదా కట్టేశానని నువ్వు ఫోన్లో సంబరపడితే నాకూ ఆనందమేసింది. కానీ మధురవాడ ఫ్లాటు మీద తాకట్టు ఇంకా పోలేదమ్మా. నువ్వు దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పత్రం రిజిస్టరు చేయించారు కదా, లోను తీరినంత మాత్రాన అది చెరిగిపోదు. ఇవాళ ఈసీ, అంటే ఆస్తి మీద ఏ తాకట్లు, లావాదేవీలు రిజిస్టరయ్యాయో చూపే సర్టిఫికెట్, తీస్తే అలాగే కనబడుతుంది.

నేను బాకీ లేదన్న లెటరు తెచ్చి బీరువాలో పడేసి ఊరుకున్నాను. ఆరేళ్ల తర్వాత ఫ్లాటు అమ్మబోతే, కొనేవాళ్లు ఈసీ చూసి బయానా వెనక్కి అడిగారు. మా బ్రాంచి అప్పటికే వేరే చోటికి మారింది, ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మూడు నెలలు తిరిగాను. ఈలోగా వాళ్లు వేరేది కొనేసుకున్నారు.

లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితాల లిస్టు పట్టుకెళ్లు. లింకు డాక్యుమెంట్లతో (ఫ్లాటు ముందు చేతులు మారిన పాత దస్తావేజులతో) సహా ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నాకే ముట్టినట్టు సంతకం పెట్టు. వెనక క్యూ ఉంటే ఉండనీ. బాకీ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చేసి, రిజిస్టరైన ఛార్జి, అంటే ఆస్తి మీద బ్యాంకు హక్కు, కూడా తీయించాలని ఆర్బీఐ రూలు. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు నీకివ్వాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. దెబ్బలాడక్కర్లేదు, ఈ మాట లెటర్లో రాసిస్తే చాలు.

అసలు తిప్పలు రిలీజ్ డీడ్ దగ్గర, అదే తాకట్టు విడుదల చేస్తూ బ్యాంకు రిజిస్టరు చేయించే పత్రం. బ్యాంకు తరఫున సంతకం పెట్టే ఆఫీసరు దొరకడమే కష్టం. మార్చి నెలాఖరులో అయితే అస్సలు అడక్కు. డ్రాఫ్టు మాత్రం నువ్వే చదువు: పాత తాకట్టు పత్రం నంబరు, సంవత్సరం, స్థలంలో నీ వాటా గజాలు, హద్దులు. నా డ్రాఫ్టులో ఫ్లాటు నంబరు 302 కాస్తా 203 అయింది. మీ అత్తయ్య చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కింది అంతస్తువాళ్ల ఫ్లాటు విడిపించేవాణ్ణి!

రిజిస్టరయ్యాక కొన్నాళ్లాగి మళ్లీ ఈసీ తియ్యి. తాకట్టు, విడుదల రెండూ అందులో ఉంటాయి. పాతది ఇంకా కనబడుతోందేమిటని టెన్షన్ పడకు. సెర్సాయ్‌లో (తాకట్లు నమోదుచేసే కేంద్ర రిజిస్ట్రీలో) కూడా ఛార్జి తీసేశారా అని బ్యాంకుని అడుగు. సిబిల్లో లోను క్లోజ్ అయినట్టు పడిందో లేదో నువ్వే చూసుకో. లోను కోసం బ్యాంకుకిచ్చిన చెక్కులు మిగిలుంటే వెనక్కి తీసుకో.

డ్రాఫ్టు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. సాక్షి సంతకానికి నేనొస్తాను, ఇంకొకర్ని నువ్వు చూసుకో. ముందు ఆ పాత లిస్టు ఎక్కడుందో వెతుకు.

మావయ్య