గ్రీన్ కార్డ్ ఫీజుల కోసం ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఐర్వింగ్‌లో ఉంటాం. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాదీ మా పెద్దబ్బాయిదీ దాని మీద కుటుంబానికిచ్చే హెచ్-4. అబ్బాయికి 19 నిండాయి, యూనివర్సిటీలో రెండో ఏడాది. చిన్నది ఇక్కడే పుట్టింది, తొమ్మిదేళ్లు. మాది ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డ్ ఇచ్చే ఈబీ-2 కేటగిరీ, క్యూలో మా స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ 2014 మే. 2022లో తేదీ వచ్చినప్పుడు మావారు కొత్త కంపెనీకి మారి ఉన్నారు, పెర్మ్ (కంపెనీ తెచ్చుకోవాల్సిన లేబర్ శాఖ అనుమతి) పూర్తి కాలేదు, అవకాశం చేజారింది. ఇప్పుడు వచ్చే నెల ఫైలింగ్ చార్ట్‌లో (దరఖాస్తు ఎవరు పెట్టొచ్చో చెప్పే పట్టిక) మళ్లీ మా తేదీ వచ్చింది. మావారి ఫీజులన్నీ కంపెనీ కడుతుంది. నా ఖర్చు, అబ్బాయి ఖర్చు, ముగ్గురి మెడికల్ మేమే పెట్టుకోవాలి. లాయర్ మనిషికి 1,000 డాలర్లు, మెడికల్‌కి మనిషికి 350 అడుగుతున్నారు. సేవింగ్స్‌లో 9,000 డాలర్లున్నాయి. హైదరాబాద్‌లో ఎనిమిది నెలల కిందట వేసిన ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఒకటి ఉంది. అది తీయాలా, 401కె (రిటైర్మెంట్ పొదుపు) మీద లోన్ తీసుకోవాలా, క్రెడిట్ కార్డు వాడాలా? నా బర్త్ సర్టిఫికెట్ కోసం అన్నయ్య తెనాలిలో తిరుగుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట చెప్తాను, కాస్త నిద్ర పడుతుంది. మీ దగ్గరున్న 9,000 డాలర్లు ఈ పనికి సరిపోతాయి. డిపాజిట్ తీయక్కర్లేదు, 401కె జోలికి అసలు వెళ్లొద్దు. అయితే ఏది ఇప్పుడే కట్టాలో, ఏది తర్వాత కట్టినా నష్టం లేదో విడదీసుకోవాలి. లాయర్ ఆఫీసు ఇచ్చే లిస్టులో అన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి కట్టాలేమో అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఐ-485 ఫీజు మనిషికి 1,440. దాంతో పాటు వర్క్ పర్మిట్, అంటే ఈఏడీ, 260. విదేశానికి వెళ్లి తిరిగొచ్చే అనుమతి, అంటే అడ్వాన్స్ పెరోల్, 630. మొత్తం మనిషికి 2,330 డాలర్లు. 2024 ఏప్రిల్ 1కి ముందు వేసినవాళ్లు 1,225 కడితే ఈ మూడూ అందులోనే వచ్చేవి. ఆ రోజు నుంచి వేటికవి విడిగా కట్టాలి. మీ పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఆమెకు ఏ ఫారమూ లేదు. మీకూ అబ్బాయికీ ఐ-485లకు 2,880, ఈఏడీలకు 520, పెరోల్‌కు 1,260, లాయర్‌కు 2,000, ముగ్గురి మెడికల్‌కు 1,050. అంతా కలిపితే 7,710.

ఇందులో గడువున్నవి ఐ-485, మెడికల్. మిగతా రెండు ఫారాలూ ఐ-485 పెండింగ్‌లో ఉన్నంతకాలం ఎప్పుడైనా వేయొచ్చు, ఆలస్యంగా వేశారని ఫీజు ఎక్కువ తీసుకోరు. నా సలహా ఏమిటంటే ఈఏడీలు ఇప్పుడే వేయండి, పెరోల్ ఆపండి. అప్పుడు మీకు కావాల్సింది 6,450. ఇంకా 2,550 మీ ఖాతాలోనే ఉంటుంది. అది తక్కువేనని నాకూ తెలుసు, దాని సంగతి కింద చెప్తాను.

పెరోల్ ఎందుకు ఆపొచ్చంటే, హెచ్-1బి, హెచ్-4 మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే వీసా స్టాంపుతో ఇండియా వెళ్లి అదే హోదాలో తిరిగొస్తే ఐ-485 రద్దు కాదు. కానీ మీరు కొత్త ఈఏడీ మీద ఉద్యోగంలో చేరితే మీ హెచ్-4 పరిస్థితి మారవచ్చు. చేరే ముందే దాని గురించి లాయర్ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఉద్యోగంలో చేరాలనే నిర్ణయమైతే మాత్రం ఇండియా టికెట్ కొనకముందే మీ పెరోల్ వేయించండి.

ఈఏడీ విషయంలో మాత్రం ఆలోచించొద్దు. హెచ్-1బి ఉద్యోగం పోతే ఇచ్చే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఐ-485 పెండింగ్‌లో ఉండి, మీ చేతిలో ఈఏడీ ఉంటే ఇంట్లో రెండో జీతానికి దారి ఉంటుంది. 260 డాలర్లకు ఇంతకంటే మంచి బీమా నాకు కనపడలేదు. ఒక మార్పు గుర్తుంచుకోండి. గతంలో ఈ కార్డు ఐదేళ్లకు ఇచ్చేవారు. 2025 డిసెంబర్ 5 నుంచి గరిష్ఠంగా 18 నెలలకే ఇస్తున్నారు. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు కూడా తీసేశారు. కార్డు గడువు ముగియడానికి 180 రోజుల ముందు రెన్యువల్ వేయొచ్చు. ఆ తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. మీ ఇద్దరికీ ప్రతి ఏడాదిన్నరకూ 520 డాలర్లు బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసుకోండి.

ఇక గడువు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. "నెలాఖరు రోజు పోస్ట్ చేస్తే చాలు కదా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. చాలదు. ప్యాకెట్ ఆ నెలలోనే యూఎస్‌సీఐఎస్‌కు, అంటే ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. ఈ గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2024లో ఫీజులు పెంచినప్పుడు పాత ఫీజా కొత్త ఫీజా అన్నది పోస్ట్ చేసిన తేదీని బట్టి చూశారు. చట్టంలో ఉన్న గడువులకు మాత్రం అందిన తేదీనే లెక్క. రెండూ వేరు వేరు. ఫీజు మళ్లీ పెరుగుతుందన్న వార్త విని కంగారు పడొద్దు. కానీ పంపే రోజు ఉదయం లాయర్ ఆఫీసు చేత యూఎస్‌సీఐఎస్ ఫీజుల పట్టిక ఇంకోసారి చూయించండి.

తేదీ ఒకసారి ముందుకొచ్చాక అక్కడే ఉంటుందన్న హామీ లేదు. మీకు ఇది చెప్పక్కర్లేదు, అనుభవించారు. 2022 సెప్టెంబర్‌లో ఈబీ-2 ఇండియా 2014 డిసెంబర్ 1 దాకా వచ్చింది. ప్రతి నెలా ఈ తేదీలు ప్రకటించే వీసా బులెటిన్‌లో డిసెంబర్‌కల్లా 2011 అక్టోబర్ 8కి వెనక్కి పోయింది. అందుకే నెల మొదటి వారంలోనే ప్యాకెట్ చేరేలా చూడండి. ఏదైనా తప్పుతో తిప్పి పంపినా సరిచేసుకునే కొద్ది రోజులు మిగులుతాయేమోనని ఈ జాగ్రత్త.

తిప్పి పంపడం అంటే రిజెక్షన్. దరఖాస్తు పరిశీలించి కాదనడం, అంటే డినయల్ వేరు, ఇది వేరు. రిజెక్ట్ అయితే ఫీజు తీసుకోరు, కానీ అసలు దరఖాస్తు పెట్టనట్టే లెక్క, ప్యాకెట్ చేరిన ఆ తేదీ మీకు దక్కదు. దీనికి మామూలు కారణాలు డబ్బు దగ్గరే ఉంటాయి. 2025 అక్టోబర్ 28 తర్వాత మామూలుగా చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. జీ-1450 ఫారంతో కార్డు ద్వారా గానీ, జీ-1650తో అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గానీ కట్టాలి. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో పేమెంట్. అన్నీ కలిపి ఒకే మొత్తంగా రాస్తే మొత్తం ప్యాకెట్ వెనక్కి రావొచ్చు. కార్డు డిక్లైన్ అయితే మళ్లీ ప్రయత్నించకుండానే తిప్పి పంపొచ్చు.

మీరు కార్డే వాడండి, అయితే అప్పుగా కాదు. సేవింగ్స్‌లో ఆ డబ్బు పక్కన పెట్టి, కార్డు మీద కట్టి, బిల్లు రాగానే మొత్తం తీర్చేయండి. అమెరికా బ్యాంకు ఇచ్చిన కార్డే అయి ఉండాలి. ఇండియాలో అన్నయ్య కార్డు పనికిరాదు. పంపేముందు లిమిట్ చూసుకోండి, బ్యాంకుకు ఫోన్ చేసి ప్రభుత్వ ఖాతాకు 1,440 రెండుసార్లు, 260 రెండుసార్లు వస్తాయని ముందే చెప్పండి. ఒకే రోజు వరసగా పెద్ద మొత్తాలు పడితే మోసమేమోనని బ్యాంకే ఆపేయొచ్చు. కార్డు మీద ఆ పద్దులు పడ్డాయంటే ప్యాకెట్ తీసుకున్నారన్న తొలి కబురు అదే, రసీదు నోటీసు ఆ తర్వాత వస్తుంది.

మెడికల్ ఫారం ఐ-693ని 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తో పాటే పెట్టాలి. లేకపోతే తిప్పి పంపొచ్చు. రక్తపరీక్ష ఫలితానికి రోజులు పడతాయి కాబట్టి ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ డాక్టర్ ఫీజు ప్రభుత్వం నిర్ణయించదు, నాలుగు చోట్ల ఫోన్ చేసి అడగండి. టీకాలు అక్కడ వేయించుకోవద్దు. మీ ఇన్సూరెన్స్‌లో ఉన్న మామూలు డాక్టర్ దగ్గర వేయించుకుంటే ఎక్కువగా ఉచితంగా అయిపోతుంది. ఆ కాగితాలు తీసుకెళ్లండి. సీల్ వేసిన కవరు మాత్రం విప్పొద్దు.

ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ ఒక్క రూపాయీ రాదు. మీది ఎనిమిది నెలలు, ఇంకో నాలుగు నెలలే. అసలు మొత్తం ఎటూ పోదు, కావాలంటే అత్యవసరానికి తీసుకోవచ్చు కూడా. అందుకే చేతిలో 2,550 మిగిలినా నేను భయపడటం లేదు, ఆ డిపాజిటే మీ రెండో అండ. ఏడాది నిండాక అందులోంచి 1,260 తెచ్చి పెరోల్ వేయండి. ఇండియాలో ఆ వడ్డీకి పన్ను లేకపోయినా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక కూడా వేయాలి. గ్రీన్ కార్డ్ దరఖాస్తు పెట్టేవాళ్ల పన్ను కాగితాలు శుభ్రంగా ఉండాలి.

401కె లోన్ వద్దనడానికి కారణం ఒక్కటే. ఉద్యోగం వదిలినా పోయినా మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా కట్టాలి. లేదంటే అది ఆదాయం కింద లెక్క, 59న్నర ఏళ్లలోపు వాళ్లకు దానిపై 10 శాతం జరిమానా కూడా. ఉద్యోగం మీదే ఇంటిల్లిపాది హోదా నిలబడి ఉన్నప్పుడు అప్పు కూడా దానికే కట్టేయడం నాకు ఇష్టం లేదు.

కంపెనీ కడుతున్న మొత్తానికి ఏదైనా ఒప్పందం మీద సంతకం అడిగారా? ఇన్ని నెలల్లో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఐ-485 ఖర్చులకు ఉండొచ్చు. పెర్మ్ ఖర్చును మాత్రం ఉద్యోగి మీద వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. సంతకం పెట్టకముందు మీవారిని అడిగి ఆ కాగితం చదవండి, మొత్తం ఎంతో అంకెల్లో రాయించుకోండి.

మీరు అడగలేదు గానీ, అబ్బాయి గురించి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు ఫైల్ చేసినంత మాత్రాన వాడి వయసు ఆగిపోదు. 2023 ఫిబ్రవరి నుంచి ఫైలింగ్ చార్ట్‌నే లెక్కలోకి తీసుకునేవారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు మాత్రం గ్రీన్ కార్డ్ నిజంగా ఇవ్వగలిగే తేదీలుండే ఫైనల్ యాక్షన్ చార్ట్‌లో తేదీ వచ్చిన రోజునే చూస్తున్నారు. ఆ రోజున ఉన్న వయసులోంచి మీ కేసుకు ఆధారమైన ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. వచ్చేది 21 లోపు ఉంటేనే వాడు మీ దరఖాస్తులో పిల్లవాడిగా లెక్కకొస్తాడు, పెళ్లై కూడా ఉండకూడదు. ఆ ఐ-140 మామూలుగా ఏడు నెలలు నడిచి ఉంటే ఏడు నెలలు కలిసొస్తాయి. అదనపు ఫీజుతో త్వరగా చూసే ప్రీమియంలో రెండు వారాల్లో అయిపోయి ఉంటే ఆ రెండు వారాలే. కొత్త కంపెనీ ఐ-140 వేసిన తేదీ, అప్రూవ్ అయిన తేదీ రెండూ లాయర్‌ను అడిగి రాసుకోండి. వాడికి 20 నిండేలోపు, అవసరమైతే ఎఫ్-1 స్టూడెంట్ వీసా హోదాకి మారే ఖర్చు, ఫీజుల తేడా ఎంతో యూనివర్సిటీలో కనుక్కోండి. ఆ డిపాజిట్‌లో మిగిలేది ఆ పనికే ఉంచండి.

తెనాలి విషయానికి వస్తే, బర్త్ సర్టిఫికెట్ దొరక్కపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, మీ పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ల అఫిడవిట్లు, పదో తరగతి సర్టిఫికెట్ జత చేయొచ్చు. అన్నయ్యకు ఈ రాత్రే ఫోన్ చేసి రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టమనండి. ఒకటి అయ్యాక రెండోది అని ఆగొద్దు. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించమనండి. ముందు ఫోన్‌లో ఫొటో తీసి పంపమని, లాయర్ చూసి సరే అన్నాకే కొరియర్ చేయమని చెప్పండి.