ఎత్తు వేసేశాక డ్రా అడిగితే? – చదరంగం ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక ఓపెన్ టోర్నమెంట్ ఆడాడు. ఒకే పొజిషన్ (బోర్డు మీద పావుల అమరిక) మూడోసారి వచ్చేలా ఎత్తు వేసి, క్లాక్ నొక్కి, అప్పుడు చెయ్యెత్తి డ్రా అన్నాడు. ఎదుటి అబ్బాయి ఒప్పుకోలేదు. ఆర్బిటర్ (ఆట న్యాయనిర్ణేత) గారు ఆట కొనసాగించమన్నారు. చివరికి మావాడు ఓడిపోయాడు. అన్యాయం జరిగిందా?
– ఒక తల్లి, పటమట

జవాబు: ఆర్బిటర్ గారి నిర్ణయం రూలు ప్రకారమే ఉందమ్మా. డ్రా మీ బాబు చేతిలోకి వచ్చింది గానీ, అడిగిన క్షణం తప్పింది. జిల్లా స్థాయి పిల్లలు పాయింట్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇలాంటి చోటే. అందుకే వివరంగా చెబుతున్నాం.

పొజిషన్ మూడోసారి వచ్చిందని డ్రా కోరే హక్కు, ఎత్తు వేయాల్సిన వంతు ఎవరిదో వాళ్లకే ఉంటుంది. దారులు రెండు. ఎదుటివాళ్లు వేసిన ఎత్తుతో మూడోసారి వచ్చిందనుకోండి, ఏ పావునూ ముట్టుకోకుండా క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవాలి. మన ఎత్తుతోనే మూడోసారి రాబోతుంటే, ఆ ఎత్తును స్కోర్ షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద రాయాలి, బోర్డు మీద మాత్రం వేయకూడదు. క్లాక్ ఆపి, "ఈ ఎత్తుతో పొజిషన్ మూడోసారి వస్తుంది, డ్రా క్లెయిమ్ చేస్తున్నాను" అని ఆర్బిటర్‌కి చెప్పాలి. ఎత్తు వేయడానికి పావును ముట్టుకుంటే ఆ ఎత్తుకు క్లెయిమ్ హక్కు పోతుంది. మీ బాబు ఎత్తు వేసి క్లాక్ కూడా నొక్కేశాడు, దాంతో వంతు ఎదుటి అబ్బాయిది అయిపోయింది. ఆ తర్వాత "డ్రా" అన్న మాట వట్టి డ్రా ఆఫర్ కిందకే వస్తుంది. దాన్ని కాదనే హక్కు ఎదుటివాళ్లకు ఉంది.

మూడుసార్లూ వరసగా రావాలని లేదు. ఇరవయ్యో ఎత్తులో ఒకసారి, ఇరవై ఆరులో ఒకసారి, నలభైలో ఒకసారి వచ్చినా చెల్లుతుంది. అయితే మూడుసార్లూ వంతు ఒకరిదే కావాలి, కాసిలింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం), ఎన్ పాసాంట్ (రెండు గడులు దూకిన బంటును పక్కనున్న బంటుతో చంపడం) అవకాశాలు కూడా అవే ఉండాలి. పిల్లలు మరిచిపోయేది ఇదే: బోర్డు మీద పావులన్నీ అవే గడుల్లో కనిపిస్తాయి, కానీ మొదటిసారి రాజు ఇంకా కదల్లేదు, రెండోసారికి కదిలి వెనక్కి వచ్చింది. అప్పుడు అవి వేర్వేరు పొజిషన్లు.

క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివాళ్లకు 2 నిమిషాలు కలుపుతారు, రాసిన ఎత్తు వేసి తీరాలి. అయిదోసారి వచ్చిందా, ఎవరూ అడగక్కర్లేదు, ఆట డ్రా. వీటన్నిటికీ సాక్ష్యం స్కోర్ షీట్. ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్ (క్లాక్‌లో కలిసే అదనపు టైము) ఉన్న ఆటలో చివరిదాకా రాయాల్సిందే. ఇంక్రిమెంట్ అంతకంటే తక్కువగా ఉంటే, మన టైము 5 నిమిషాల లోపుకు పడ్డాక రాయడం ఆపొచ్చు. ఇంట్లో ఏనుగుల ముగింపు ఒకటి పెట్టి, క్లాక్ నడుస్తుండగా ఈ క్లెయిమ్‌ను నాలుగైదుసార్లు చేయించండి. నోటితో చెప్తే హాల్లో గుర్తుకు రాదు, చేయి అలవాటు పడాలి.

ప్రశ్న: మా పాప రెండు చేతులతో కాసిలింగ్ చేసిందని ఎదుటివాళ్లకు 2 నిమిషాలు ఇచ్చారు. ఇంత చిన్నదానికా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అవునండీ. ఒక ఎత్తుకు రెండు చేతులు వాడి క్లాక్ నొక్కితే ఇల్లీగల్ మూవ్ (చెల్లని ఎత్తు) లెక్కే. అదే ఆటలో రెండోది చేస్తే సాధారణంగా ఆట పోతుంది. ముందు రాజు, తర్వాత ఏనుగు, అదే చేత్తో క్లాక్. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు కాసిలింగ్ కుదరదు, ఏనుగునే కదపాలి.

ప్రశ్న: రేటింగ్ ఉన్న అయిదుగురితో ఆడి 2 పాయింట్లు తెచ్చుకున్నాను. నాకు ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ వస్తుందా? ఎంత?
– ఇంటర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వస్తుంది. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు కావాలి. అవి ఒకే టోర్నమెంటులో కానక్కర్లేదు, 26 నెలల్లోపు ఉంటే చాలు. మొదటి టోర్నమెంటులో సున్నా వస్తే మాత్రం ఆ ఆటలు లెక్కలోకి రావు.

2024 మార్చి నుంచి లెక్క మారింది. మీరు నిజంగా ఆడిన అయిదుగురికి తోడు, 1800 రేటింగ్ ఉన్న మరో ఇద్దరితో డ్రా చేసినట్టు కలుపుతారు. మీ అయిదుగురి సగటు 1520 అనుకుందాం. 7600కు (1520×5) 3600 (1800×2) కలిపి ఏడుతో భాగిస్తే 1600. మీ పాయింట్లు 2, ఊహించిన డ్రాల పాయింటు 1, మొత్తం ఏడింటికి 3, అంటే 43 శాతం. పట్టిక ప్రకారం 43 శాతానికి 50 తగ్గుతుంది. రేటింగ్ 1550. ఈ లెక్కలో 1400 కంటే తక్కువ వస్తే జాబితాలో పేరు ఉండదు.

ఆ తర్వాత మీకు కె విలువ (ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో తేల్చే సంఖ్య) 40. మీరు 1550తో ఉండి 1650 ఆటగాడిని గెలిస్తే 25.6 పెరుగుతుంది, ఓడితే 14.4 తగ్గుతుంది. పద్ధెనిమిదేళ్ల లోపు, 2300 దాటనంతవరకూ కె 40గానే ఉంటుంది. కాబట్టి ఒక టోర్నమెంటులో 80 పోయిందని బెంగపడి ఆపేయకండి. ఈ వయసులో అదే వేగంతో తిరిగొస్తుంది.

ప్రశ్న: ఫోన్ స్విచాఫ్ చేసి జేబులో ఉంచుకోవచ్చా?
– మంగళగిరి పాఠకుడు

జవాబు: వద్దు. ఆఫ్‌లో ఉన్నా సరే, ఒంటి మీద దొరికితే ఆట పోతుంది. స్మార్ట్ వాచీ కూడా అంతే. నిర్వాహకులు అనుమతిస్తే పూర్తిగా ఆఫ్ చేసి బ్యాగులో, ఆర్బిటర్ చెప్పిన చోట పెట్టొచ్చు. ఆట మధ్యలో అడక్కుండా ఆ బ్యాగు తెరవకూడదు. అన్నిటికంటే మంచిది, బయట కూర్చున్న ఇంటివాళ్లకు ఇచ్చెయ్యండి.

ప్రశ్న: 2025లో బటూమి (జార్జియా)లో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో కోనేరు హంపి గారు క్లాసికల్‌లో (ఎక్కువ టైము ఉండే ఆటల్లో) ఓడలేదు కదా, కప్పు దివ్య దేశ్‌ముఖ్‌కి ఎలా వెళ్లింది? నార్మ్‌లు (టైటిల్‌కు కావలసిన స్థాయి ప్రదర్శనలు) లేకుండా దివ్య గ్రాండ్‌మాస్టర్ ఎలా అయింది?
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: క్లాసికల్ ఆటలు రెండూ డ్రా అయ్యాయి. జులై 28న టైబ్రేక్ (విజేతను తేల్చే తక్కువ టైము ఆటలు) పెట్టారు. అందులో మొదటి రాపిడ్ ఆట డ్రా. రెండోదాన్ని దివ్య నల్ల పావులతో గెలిచింది. మామూలుగా గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కు మూడు నార్మ్‌లు, 2500 రేటింగ్ కావాలి. మహిళల ప్రపంచ కప్ గెలిస్తే టైటిల్ నేరుగా వస్తుంది. మన దేశంలో ఆ టైటిల్ పొందిన మహిళల్లో ఆమె నాలుగో వ్యక్తి. మొదటి ఇద్దరూ మన ప్రాంతం వాళ్లే, గుడివాడలో పుట్టిన హంపి (2002), గుంటూరులో పుట్టిన హారిక (2011). హంపి 2019లో, 2024లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ కూడా. ఆ ఒక్క ఆట చూసి ఆమెకు రాపిడ్ రాదనడం మాకు అస్సలు నచ్చదు.

ఆ ఆటను మళ్లీ చూడాలనుకుంటే మొదటిసారి స్క్రీన్ పక్కనుండే ఇంజిన్ పట్టీని (ఎవరిది పైచేయో చూపే కంప్యూటర్ లెక్క) కాగితంతో కప్పేయండి. హంపి వైపు కూర్చుని, ప్రతి ఎత్తూ ముందే ఊహించి ఒక స్కోర్ షీట్ మీద రాసుకోండి. పది ఎత్తులకోసారి ఇద్దరి క్లాకుల్లో మిగిలిన టైము కూడా పక్కన రాయండి. ఇంజిన్ రెండోసారికి.