ల్యాప్‌టాప్ 400 మెగాహెర్ట్జ్ దాటకపోతే ముందుగాల చార్జర్ పీకి చూడు

తమ్మీ, ఉబుంటు లైనక్స్‌ల ప్రాసెసర్ స్పీడును నడిపే గవర్నర్ అనే సెట్టింగును పెర్ఫార్మెన్స్‌ల పెట్టినా స్పీడు 400 మెగాహెర్ట్జ్ దాటుతలేదు, బ్రౌజర్ తెరిస్తే మౌసు గూడ ఆగి ఆగి పోతుందంటున్నవ్ గదా, పోయిన ఎండకాలం నాకు అచ్చం ఇదే అయింది, నా ప్రాసెసర్ గూడ ఇంటెల్ ఐ5 ఎనిమిదో జనరేషనే, 1.6 గిగాహెర్ట్జ్‌ది, పని ఎక్కువైతే టర్బోల 3.4 దాకా పోవాలె.

నేనైతే తప్పంతా లైనక్స్ మీదనే ఏసిన. గవర్నర్ పవర్‌సేవ్ అని చూపిస్తుండె, దొంగ దొరికిండనుకొని మార్చిన, ఏం ఫరక్ లేదు. తర్వాత తెలిసిందేందంటే ప్రాసెసర్ స్పీడు మార్చే ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌ల పవర్‌సేవ్ అంటే స్పీడును కిందనే కట్టేసుడు కాదు, పని పడితే అదే పైకి లేపుతది, పాత డ్రైవర్‌ల పవర్‌సేవ్ వేరు. ఒక్కటే పేరు పెట్టి మనల్ని ఆగం చేసిన్రు. కరెంటు వాడకం చూసుకునే ప్రోగ్రాములు టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డెమన్ రెండూ నడుస్తుంటే ఒకటి తీసేసిన, అది నువ్వు గూడ చూసుకో, రెండూ ఒక్కకాడనే వేలు పెడతయి. నో టర్బో ఫైల్‌ల సున్నానే ఉంది, అంటే టర్బో బందు లేదు, సెన్సార్స్ కమాండ్ కొడితే వేడి 55 డిగ్రీలు గూడ లేదు, నల్గొండల మే నెలల అంత సల్లగ ఉందంటే అది పనే చేస్తలేదన్నట్టు.

రెండు దినాలు ఇదే లొల్లి. టర్మినల్‌ల స్పీడు కనపడేటట్టు వాచ్ కమాండ్ పెట్టి కూసున్న, ఎనిమిది లైన్లు, అన్నీ 400. గంతల కరెంటు పోయింది. పైన ఫ్యాన్ ఇంక తిరుగుతనే ఉంది, ఈడ నంబర్లు 3100కి ఎగిరినయ్! కరెంటొచ్చింది, మళ్ల 400.

అప్పుడు బుర్రకెక్కింది. ఒరిజినల్ చార్జర్ వైరు తెగితే గడియారం సెంటర్ దిక్కు ఒక షాపుల 700కి డూప్లికేట్ తెచ్చిన, ఆన్ చేసినప్పుడల్లా అడాప్టర్ గుర్తుపడతలేనని మెసేజ్ వస్తుంటే సదవకుంటనే ఏదో కీ కొట్టి దాటేస్తుంటి. నా చార్జర్ పిన్ను నడిమిట్ల సూది లాంటిది ఉంటది, అదే తన వాట్లు ఎన్నో ల్యాప్‌టాప్‌కు చెప్తది. అది చెప్పకపోతే బోర్డు ప్రాసెసర్‌కు బీడీ ప్రాక్‌హాట్ అనే సిగ్నల్ ఇస్తది, వేడి లేకున్నా ఉన్నట్టే, ప్రాసెసర్ అట్టడుక్కు దిగుతది. ఇంక గవర్నర్ మాట ఎవ్వడింటడు? కొన్నిట్ల బ్యాటరీ పోయినా ఇట్లనే అయితది.

ప్రాసెసర్ లోపలి సెట్టింగులు మార్చే ఎమ్మెస్సార్ టూల్స్‌తోటి 1ఎఫ్‌సీ రిజిస్టర్‌ల సున్నా నంబరు బిట్‌ను ఆఫ్ చేస్తే ప్రాసెసర్ ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు, స్పీడొస్తది, నేను ఒక వారం గట్లనే నడిపిన, కానీ స్లీప్‌కు పోయి లేస్తే మళ్ల మొదటికే, పైగా ఆ చార్జర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుండె. భయమేసి బందు చేసి 65 వాట్ల ఒరిజినల్ కొన్న, ఆ రోజు నుంచి గవర్నర్‌ను ముట్టుకోలే.

నువ్వు గూడ చార్జర్ పీకి ఒక్క నిమిషం చూసి ఎంత చూపిచ్చిందో రాయి, బ్యాటరీ మీద గూడ 400 దగ్గరనే ఉంటే వేరే సంగతి చూద్దాం.